ఇంట్లోనే కదా ఉండేది!

మన ఇళ్ళల్లో గ్రైండరు కొనాలంటే ముందు వంటింట్లో ఉండే మనిషిని అడుగుతారు. రాయి ఎంత బరువుండాలి, కడగడానికి తేలికేనా, పిండి తీసేటప్పుడు పక్కకి వంగుతుందా అని. వాడేది ఆవిడ కాబట్టి. చెప్పుల షాపులోనూ అంతే. వేసుకుని నాలుగడుగులు నడిచి చూశాకే డబ్బులిస్తాం. అలాంటిది ఒక ఆడమనిషికి కాలు పోయి, కొత్త కాలు పెట్టించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆవిడ తప్ప ఇంట్లో అందరూ మాట్లాడతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కృత్రిమ కాలు పెట్టించే చోటు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది కంపెనీ పేరు కాదు, ఆ కాలు చేసే మనిషిని. ఆ మనిషిని ఎంచుకునే హక్కు కాలు తొడుక్కునే ఆవిడది. "ఇంట్లోనే కదా ఉండేది" అనే మాట ఆ సమయంలో ఎవరి నోటి నించి వచ్చినా సరే, అక్కడే ఆపెయ్యాలి.

ఈ మాటలు పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మా అత్తయ్యకి అరవై తొమ్మిదేళ్ళు. షుగరు ఇరవై ఏళ్ళ పైనించే ఉంది. పోయినేడాది దసరాకి ముందు కుడికాలి చిటికెన వేలి పక్కన చిన్న పుండు పడింది. మందులు వాడుతూనే ఉన్నాం, కట్లు కట్టిస్తూనే ఉన్నాం. రక్తప్రసరణ అందక అది పాదమంతా పాకింది. చివరికి మోకాలి కింద వరకూ తీసేశారు. "మోకాలు మిగిలింది, అది మీ అదృష్టం" అన్నారు డాక్టరు గారు. కొత్త కోడళ్ళెవరొచ్చినా "కుడికాలు ముందు పెట్టమ్మా" అని చెప్పే మనిషి ఆవిడ. కుడికాలు పోయిందని తెలిసిన రోజు ఆ మాటే తలుచుకుని నవ్వింది. మాకెవరికీ నవ్వు రాలేదు.

అప్పుడు మాకు అదృష్టమనే మాట రుచించలేదు గానీ, తరవాత అర్థమైంది. సొంత మోకాలు ఉంటే కృత్రిమ కాలుతో నడవడం చాలా తేలిక. మోకాలి పైన తీస్తే వంగే మోకాలు కూడా యంత్రమే కావాలి. నడకకి పడే శ్రమ, ఖర్చు, పడిపోతామనే భయం అన్నీ పెరుగుతాయి.

ఆస్పత్రి నించి ఇంటికొచ్చాక పలకరింపులు మొదలయ్యాయి. నేరేడ్‌మెట్‌లో మా వీధి పాత వీధి, అందరూ అందరికీ తెలుసు. వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన, దగ్గర చుట్టమే, కాఫీ తాగుతూ అన్నారు: "ఈ వయసులో ఇప్పుడు కాలెందుకురా, అంత ఖర్చు? ఆవిడేమైనా ఉద్యోగానికెళ్ళాలా? ఇంట్లోనే కదా ఉండేది. మంచి వీల్‌ఛైరు కొనిపడెయ్యండి."

ఆయన దుర్మార్గుడేం కాదు, బాధతోనే అన్నారు. కానీ ఆ మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. మా వీధి చివర ఆటో నడిపే ఆయనకి నాలుగేళ్ళ కింద యాక్సిడెంట్లో కాలు పోతే, కొత్త కాలు అవసరమా అని ఒక్కళ్ళు అడగలేదు. మగవాడు కదా, సంపాదించాలి. మరి ఆడమనిషి ఇంట్లో ఉంటే ఆమెకి నడక అక్కర్లేదా?

ఇంట్లో ఉండడమంటే కూర్చుని ఉండడమని ఎవరు చెప్పారో నాకు తెలియదు. పాలప్యాకెట్టు కోసం గేటు దాకా. పువ్వుల కోసం పెరట్లోకి. బట్టలు ఆరెయ్యడానికి మేడమీదికి. కుక్కరు కూత వేస్తే వంటింట్లోకి, బెల్లు మోగితే వాకిట్లోకి. రాత్రి రెండుసార్లు బాత్‌రూమ్‌కి. ఉద్యోగాల వాళ్ళు కుర్చీలో కూర్చుంటారు, మనమే రోజంతా నడిచేది. పోనీ వీల్‌ఛైరు అనుకున్నా, మాది పాత ఇల్లు. ప్రతి గదికీ గడప ఉంది, వాకిట్లో మూడు మెట్లున్నాయి, బాత్‌రూమ్ తలుపులో కుర్చీ దూరదు. వీల్‌ఛైరు చాలంటే ఒక గది చాలనే అర్థం.

ఇంట్లోవాళ్ళం కాలు పెట్టించాలనే అనుకున్నాం. ఎక్కడ అన్నదాని మీద మళ్ళీ మూడు దారులయ్యాయి.

మా ఆయనది ఒకటే మాట, అమ్మకి బెస్టుది కావాలి, ఫారిన్‌ది. మా మరిది ఉచితంగా ఇచ్చే చోట్లు కనుక్కున్నాడు. మా పక్కింట్లో సైన్యంలో పనిచేసి రిటైరైన సుబేదారు గారున్నారు. ఆయన పుణే ఆర్టిఫీషియల్ లింబ్ సెంటర్ గురించి చెప్పారు. నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వైపు మాజీ సైనికుల కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఆ పేరు ఇక్కడ చాలామందికి తెలుసు. 1944లో, రెండో ప్రపంచయుద్ధంలో కాళ్ళూ చేతులూ పోయిన సైనికుల కోసం పెట్టిన సంస్థ అది.

ముగ్గురూ అమ్మ మీద ప్రేమతోనే చెప్పారు. కానీ ముగ్గురూ మంచం పక్కనే నిలబడి, మంచం మీద ఉన్న మనిషిని చూడకుండా మాట్లాడుకున్నారు.

ఆ రాత్రి నేను అత్తయ్య పక్కన కూర్చుని, "అత్తయ్యా, కాలొస్తే ముందు ఎక్కడికెళ్ళాలని ఉంది మీకు?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా అంది. "బాత్‌రూమ్‌కి నేనొక్కదాన్నే వెళ్ళాలమ్మా. రాత్రిపూట నిన్ను లేపకుండా." ఇంకా, అన్నాను. "దేవుడి దగ్గర దీపం నా చేత్తో పెట్టుకోవాలి. వంటింట్లో చెప్పులేసుకుని తిరగలేను, అది మాత్రం నావల్ల కాదు. చీరే కట్టుకుంటాను, పంజాబీ డ్రస్సులు వెయ్యమనకండి." అంతే. నాలుగు కోరికలు. ఒక పాత క్యాలెండరు వెనక రాసిపెట్టాను. ఆ తరవాత ఏ చోటుకెళ్ళినా ఆ కాగితమే పట్టుకెళ్ళాం.

ఇప్పుడు ఆ మూడు దారుల గురించి నేను తెలుసుకున్నది చెప్తాను. మీ ఇళ్ళల్లో ఎవరికీ ఈ అవసరం రాకూడదు. వస్తే మాత్రం పనికొస్తుంది.

ముందు ఫారిన్ కాలు సంగతి. కృత్రిమ కాలంటే ఒకే వస్తువు కాదు. మోకాలి కింద కాలైతే ముఖ్యంగా మూడు భాగాలు. మిగిలిన కాలు దూరే గిన్నెలాంటిది సాకెట్. దాని కింద ఒక గొట్టం. దాని కింద పాదం. స్టంపుకీ సాకెట్‌కీ మధ్య మెత్తగా ఉండడానికి లైనరు వేస్తారు. జర్మనీలో ఒట్టో బాక్ అనే ఆయన మొదటి ప్రపంచయుద్ధం అయిన వెంటనే, 1919లో కంపెనీ పెట్టి ఇలాంటి విడిభాగాలు పెద్ద ఎత్తున తయారు చెయ్యడం మొదలుపెట్టాడు. ఇవాళ్టికీ పద్ధతి అదే. పాదం, గొట్టం, లైనరు పెట్టెల్లో విదేశాల నించి రావచ్చు. సాకెట్ మాత్రం అలా రాదు. దాన్ని మన ఊళ్ళోనే, ఆ సెంటరు వెనక గదిలో, మన మనిషి కాలికి కొలత తీసి ఒకరు చెయ్యాలి. కాలు నొప్పి పుట్టేది, పుండు పడేది, జారిపోయేది సాకెట్ సరిగ్గా లేకపోతేనే. రెండు లక్షల పాదం తెచ్చి కుదరని సాకెట్‌కి బిగిస్తే అది మంచం కిందే ఉంటుంది. బంగారు మెట్టెలు కొని, వేలికి పట్టకపోతే డబ్బాలో దాచుకున్నట్టు.

ఇంకో సంగతి. పాదాన్ని అమర్చేటప్పుడు చెప్పు మడమ ఎత్తుని లెక్కలోకి తీసుకుంటారు. చాలా విదేశీ పాదాలు బూటు వేసుకుని తిరిగేవాళ్ళ కోసం చేసినవి. వాటిని బూటు ఎత్తుకి సరిచేసి ఇస్తే, ఇంట్లో ఉత్త కాళ్ళతో నడిచినప్పుడు మనిషి వెనక్కి తూలుతున్నట్టు ఉంటుంది. మనం ఇంట్లో చెప్పులేసుకోం. పూజగదిలో అసలే వేసుకోం. ఈ సంగతి మనం చెప్పకపోతే, వాళ్ళు అడగకపోతే, ఆ పెద్దావిడ పూజగది గడప దగ్గరే పడుతుంది. అత్తయ్య కోరికల్లో చాదస్తంలా వినిపించిన ఆ చెప్పుల మాటే అన్నిటికంటే ముఖ్యమైన సాంకేతిక విషయమైంది.

జైపూర్ కాలు పుట్టింది కూడా అందుకే. 1960ల చివర్లో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రిలో డాక్టర్ పి.కె.సేఠీ, పెద్దగా బడిచదువు లేని శిల్పి రామచంద్ర శర్మ కలిసి దాన్ని తయారుచేశారు. మన వాళ్ళు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, గొంతుకూర్చుంటారు, పొలంలో తడిలో ఉత్త కాళ్ళతో నడుస్తారు. బూటు కోసం చేసిన పాదం ఇవేవీ చెయ్యనివ్వదు. వీళ్ళు రబ్బరుతో, బూటు అక్కర్లేకుండా, చూడ్డానికి కూడా పాదంలాగే ఉండేది చేశారు. సేఠీ గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. అదే ఏడాది బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ జైపూర్ కాలుతో మళ్ళీ నాట్యం చేసింది. సింగీతం శ్రీనివాసరావు గారి 'మయూరి'లో తన కథలో తానే నటించింది. మన వయసు వాళ్ళలో ఆ సినిమా చూసి ఏడవని వాళ్ళు ఉండరు.

డి.ఆర్.మెహతా గారు 1975లో పెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఆ కాళ్ళని ఉచితంగా ఇస్తోంది. కేంద్ర ప్రభుత్వానిది కాన్పూర్‌లో 1972లో మొదలైన అలింకో ఉంది. ఆదాయ పరిమితికి లోబడి ఉపకరణాలు ఇచ్చే 'ఎడిప్' పథకం 1981 నించీ ఉంది. కాబట్టి మా మరిది మాట తీసెయ్యాల్సింది కాదు. ఉచితమంటే నాసిరకమని ముక్కు విరవడం మనకి అలవాటు, అది తప్పు. నేను చూసే తేడా వేరే. ఉచిత శిబిరం వేరు, ఎప్పుడూ తలుపు తీసి ఉండే కేంద్రం వేరు. శిబిరం రెండు రోజులుండి వెళ్ళిపోతుంది. మూడో వారం కాలు ఒరుసుకుంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఉచితమైనా, డబ్బు తీసుకున్నా, మళ్ళీ వెళ్ళగలిగే చోటు అయితేనే పెట్టించండి.

సుబేదారు గారు చెప్పిన పుణే గొప్పదే. కానీ ఆయనే నిజాయితీగా ఇంకో మాట అన్నారు. "కాలు ఒక్కసారి కొనేది కాదమ్మా. బండి లాగే, సర్వీసింగుకి వెళ్తూ ఉండాలి." ఆ ఒక్క మాటతో నా లెక్క మారింది. ఆపరేషన్ అయ్యాక మొదటి ఏడాది స్టంపు ఆకారం మారుతూనే ఉంటుంది. వాపు తగ్గుతుంది, కండ తగ్గుతుంది. మొదట చేసిన సాకెట్ కొన్ని నెలలకే వదులవడం మామూలే. మొదటి ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్ళాలో చెప్పలేం. షుగరున్న పెద్దావిడని ప్రతిసారీ రైలెక్కించలేం. పుణే దాకా ఎందుకు, నేరేడ్‌మెట్ నించి ఊరికి ఆ చివర ఉన్న సెంటరుకి వెళ్ళాలన్నా ఒక పూట పోతుంది. ఆర్.కె.పురం బ్రిడ్జి దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది. దూరమైతే మనం చిన్నచిన్న నొప్పులకి వెళ్ళడం మానేస్తాం. ఆ చిన్న నొప్పే షుగరు కాలికి పుండవుతుంది. దగ్గర అనేది సౌకర్యం కాదు, వైద్యంలో భాగం.

మేం మూడు చోట్లకి వెళ్ళాం. పేర్లు చెప్పను, అవసరం లేదు.

మొదటి చోట అద్దాల తలుపులు, ఏసీ, టీవీలో ఒక విదేశీయుడు కృత్రిమ కాలుతో పరిగెడుతున్న వీడియో. కూర్చోగానే "మీ బడ్జెట్ ఎంత సార్?" అన్నారు మా ఆయనతో. అత్తయ్య స్టంపుని ఇంకా చూడనే లేదు.

రెండో చోట కొలతలు హాల్లోనే తీస్తామన్నారు. నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. అత్తయ్య చీర తొడ దాకా మడవాలి. తెర ఏమైనా ఉందా అని అడిగితే, "పెద్దావిడే కదమ్మా, ఏం సిగ్గు?" అన్నాడు ఆ అబ్బాయి. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను లేచి, "పదండత్తయ్యా" అన్నాను. వయసు పెరిగితే సిగ్గు తరుగుతుందని ఏ వైద్యశాస్త్రంలో ఉంది? కాలు పోయిన మనిషికి మిగిలిన శరీరం ఇంకా తనదే. ఇంటికొచ్చిన చుట్టాలు "ఏదీ, ఓసారి చూపించండి" అని అడిగినా నాకు ఇదే అనిపిస్తుంది. 2021లో సుధాచంద్రన్ అంతటి మనిషి, విమానాశ్రయంలో ప్రతిసారీ కాలు తీసి చూపించమంటున్నారని బాధపడుతూ వీడియో పెట్టాల్సి వచ్చింది. ఇక మన ఇంట్లో ఆడవాళ్ళు ఎవరితో చెప్పుకోవాలి?

మూడో చోటు చిన్నది. ప్లాస్టర్ వాసన, గోడకి వేలాడుతున్న అచ్చులు. లోపల తెర వేసిన గది. అక్కడ పనిచేసే ఒక అమ్మాయి వచ్చి చీర సర్దింది. ప్రాస్థెటిస్టు చేతులు కడుక్కుని, స్టంపుని నాలుగు వైపులా నెమ్మదిగా నొక్కి చూశాడు. ఎడమకాలు కూడా చూశాడు. షుగరు రిపోర్టు అడిగాడు. తరవాత అన్నాడు. "అమ్మా, వాపు ఇంకా ఉంది. ఇప్పుడు కొలత తీసుకుంటే రెండు నెలల్లో వదులైపోతుంది, మీ డబ్బులు దండగ. నెలన్నర ఈ క్రేప్ బ్యాండేజీ ఇలా కట్టుకోండి, మోకాలి కింద దిండు పెట్టుకోకండి, మోకాలు వంగి బిగుసుకుపోతుంది. తరవాత రండి." కట్టు ఎనిమిది అంకెలా తిప్పి ఎలా కట్టాలో నాచేత రెండుసార్లు కట్టించాడు. ఆ రోజు మా దగ్గర ఎక్కువేమీ తీసుకోలేదు.

వ్యాపారం వద్దని పంపించిన వాడి దగ్గరికే నెలన్నర తరవాత తిరిగి వెళ్ళాం. ఎంపిక అత్తయ్యదే. "ఆ అబ్బాయి నాతో మాట్లాడాడు, మీతో కాదు" అంది. అదే కారణం. నాకైతే అంతకంటే మంచి కారణం కనపడలేదు.

అయినా మా ఆయనకి మనసులో కొరత ఉండిపోయింది. తక్కువ ధర పాదం పెట్టిస్తే అమ్మకి మంచిది ఇప్పించలేదని నలుగురూ అనుకుంటారని. కొడుకుల ప్రేమని మన సమాజం బిల్లు చూసి కొలుస్తుంది, ఆ బరువు ఆయన మీద ఉంది, నాకు తెలుసు. అందుకే వాదించలేదు, లెక్క రాసి చూపించాను. ఇప్పుడు పాదానికి పెట్టాలనుకున్న డబ్బులో కొంత రెండో సాకెట్‌కి. కొంత లైనర్లకి, అవి అరిగిపోతాయి, మార్చాలి. కొంత నడక నేర్పే ఫిజియోథెరపిస్టుకి. కొంత బాత్‌రూమ్‌లో పట్టుకునే కమ్మీలకి, కమోడ్‌కి. డబ్బు అంతే ఖర్చవుతుంది, కానీ అమ్మ నడవడానికి ఖర్చవుతుంది. ఆయన ఒప్పుకున్నారు.

ధరలు ఎప్పుడూ ఇలాగే ఉండవు కూడా. 2025 జూలైలో బీబీనగర్ ఎయిమ్స్, మన హైదరాబాద్ డీఆర్‌డీఎల్ కలిసి కార్బన్ ఫైబర్ పాదం తయారుచేసి చూపించాయి. 125 కిలోల బరువు దాకా పరీక్షించారట. దిగుమతి చేసుకుంటే రెండు లక్షల దాకా అయ్యేది ఇరవై వేల లోపే రావచ్చని అంచనా చెప్పారు. కొత్తేం కాదు ఇది. క్షిపణుల కోసం చేసిన తేలికైన పదార్థంతో, నిమ్స్ ఆస్పత్రి పిల్లల కోసం మూడు కిలోల ఇనప కాలిపర్ల బదులు మూడొందల గ్రాములవి చేయించిన కలాం గారు పనిచేసింది కూడా ఆ డీఆర్‌డీఎల్‌లోనే. తేలికైన పాదం చవగ్గా రావడం మంచి వార్తే. అయితే అప్పుడు కూడా సాకెట్ చేసేది ఒక మనిషే. ఎంపిక అప్పుడూ మనిషినే.

ఆ మనిషిని ఎలా ఎంచాలి? మేం అడిగినవి, అడిగితే బాగుండేదని తరవాత తోచినవి కలిపి రాస్తున్నాను.

కొలత తీసేది ఎవరు, వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా? 1992 చట్టం ప్రకారం ప్రాస్థెటిస్టులు అందులో నమోదై ఉండాలి. నంబరు అడిగితే నిజంగా చదువుకున్నవాళ్ళు నొచ్చుకోరు.

అసలు కాలు ఇచ్చేముందు ట్రయల్ సాకెట్ వేసి నడిపించి చూస్తారా? బ్లౌజుకే ట్రయల్ అడుగుతాం మనం.

ఆ తరవాత సరిచెయ్యడానికి ఎన్నాళ్ళ వరకు డబ్బు తీసుకోరు? నోటిమాట కాదు, కాగితం మీద.

బిల్లులో సాకెట్, లైనరు, పాదం విడివిడిగా రాస్తారా? దేనికెంత వారంటీ?

నడక వాళ్ళే నేర్పిస్తారా, లేక కాలు చేతికిచ్చి పంపించేస్తారా?

ఆడవాళ్ళకి వేరే గది, తోడుగా ఒక ఆడమనిషి ఉంటారా?

వాళ్ళ దగ్గర కాలు పెట్టించుకున్న మరో ఆడమనిషితో, ఆవిడకి ఇష్టమైతే, మాట్లాడనిస్తారా? మాకు అలా ఒక టీచరమ్మ దొరికింది. చీర కుచ్చిళ్ళు కృత్రిమ పాదం కింద పడకుండా ఒక అంగుళం పైకి కట్టుకోవాలని ఆవిడ చెప్పిన మాట ఏ డాక్టరూ చెప్పలేదు.

చివరగా, ఇంట్లో ఉత్త కాళ్ళతో నడుస్తామని చెప్పినప్పుడు వాళ్ళు విని రాసుకున్నారా, నవ్వి ఊరుకున్నారా? దాన్నిబట్టే చాలా తెలిసిపోతుంది.

కాలొచ్చాక పని అయిపోదు. రాత్రి కాలు తీశాక స్టంపుని సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, చేతి అద్దం పెట్టి కింద కూడా చూడాలి. షుగరున్న వాళ్ళకి నొప్పి తెలియకపోవచ్చు, కన్నే కాపలా. కాలు తీసిన పావుగంట తరవాత కూడా ఎరుపు పోకపోతే మర్నాడు కాలు తొడగకుండా చూపించుకోవాలి. సాకెట్ వదులనిపిస్తే వేసుకునే మేజోళ్ళు పెంచుకోవాలి. మిగిలిన కాలుని రెట్టింపు జాగ్రత్తగా చూడాలి, ఇప్పుడు బరువంతా దాని మీదే. ఇంకా, లేని పాదం మంట పెడుతోందని, వేళ్ళు లాగుతున్నాయని అంటే పిచ్చి అనుకోకండి. అది నిజమైన నొప్పే, మందులున్నాయి, డాక్టరుకి చెప్పాలి. అత్తయ్య నెలరోజులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నవ్వుతామని.

దివ్యాంగుల సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు కూడా చేయించండి. చాలా ఇళ్ళల్లో "మా అమ్మ వికలాంగురాలా?" అని పౌరుషానికి పోయి చేయించరు. పెన్షనైనా, ఉపకరణమైనా, రైల్లో రాయితీ అయినా 2016 చట్టం ఇచ్చే హక్కులైనా ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటాయి. అది అవమానం కాదు.

అత్తయ్య ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. వేగంగా కాదు. మేడ ఎక్కదు. కింద కూర్చోలేదు, దేవుడి ముందు ఎత్తు పీట వేయించాం. దాన్ని ఆవిడ "కట్టుడు పళ్ళలాగా కట్టుడు కాలు" అంటుంది. కొన్ని రోజులు విసుగొచ్చి విప్పి పక్కన పడేస్తుంది, అది కూడా ఆవిడ ఇష్టమే. రాత్రిపూట బాత్‌రూమ్ లైటు వెలిగిన చప్పుడు విని నాకు మెలకువ వస్తుంది, కానీ లేవను. లేవకపోవడమే ఆవిడ నన్ను కోరింది.

అందుకే మీతో చెప్పేది ఇదే. మీ ఇంట్లో అమ్మకో, అత్తకో, అక్కకో ఈ పరిస్థితి వస్తే, ఫోన్లో కంపెనీల పేర్లు వెతికే ముందు ఒక కాగితం తీసుకుని ఆవిడ పక్కన కూర్చోండి. ఎక్కడికి నడవాలని ఉందో అడిగి, ఆవిడ చెప్పినట్టే రాయండి. ఆ కాగితం చదివి, తిరిగి ఆవిడనే ప్రశ్నలడిగే వాళ్ళ దగ్గర కాలు చేయించండి.